వేడి నీళ్లు పోయించిన కాలువ

2010 చలికాలంలో నన్ను జనగామ మున్సిపాలిటీలో బస్టాండు పక్క వార్డుకు ఇన్‌చార్జి జవానుగా వేశారు. ఊడ్చేవాళ్లకూ, కాలువలు తీసేవాళ్లకూ పని పురమాయించే మనిషిని జవాను అంటారు. పైన శానిటరీ ఇన్‌స్పెక్టర్ ఉంటారు. పదిహేనేళ్లు పార పట్టాను కాబట్టి ఆ పని ఇచ్చారు. అప్పటికి నాకు అక్షరం రాదు. హాజరు పుస్తకంలో వేలిముద్రే.

తెలంగాణ ఉద్యమం జోరు మీదుంది. దారి ఆపి, రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండుకు తినే వంటావార్పు ఒకరోజు మా వార్డులో జరిగింది. బగారన్నం, వేటకూర, పూరీలు. నేనూ బంతిలో కూర్చుని తిన్నాను. గంగాళాలు కడిగిన నీళ్లు, మిగిలిన డాల్డా, కూర మీద తేలిన కొవ్వు అన్నీ పక్క కాలువలోకే పోయాయి. కాసేపటికి కాలువ పొంగి పొయ్యిల దాకా వచ్చింది.

"అక్కా, ఎసరు మరుగుతున్నదా? జర ఇటు గుమ్మరియ్యున్రి" అన్నాను. ఆడవాళ్లు బిందెలకు బిందెలు పోశారు. జిడ్డు కరిగింది, కాలువ కదిలింది. "జవానమ్మనా, మజాకా!" అంటూ చప్పట్లు కొట్టారు. నేనూ పొంగిపోయాను.

గంట తర్వాత దిగువ గల్లీలో ఉండే ఖైరున్నిసా వచ్చింది. మిర్చి బజ్జీల బండి ఆమెది.

"ఏందక్కా గిది? మీ జిడ్డంత మా మోరీలకు తోలిన్రు. నీళ్లు నల్లా గుంతల కాడికొచ్చినయ్. పొద్దుగాల నల్లాలొస్తయ్. పిల్లలకు గదే తాపాల్నా?"

ఆ గల్లీలో నల్లాలు రోడ్డు కంటే లోతులో, గుంతల్లో ఉండేవి. మురుగు ఆ గుంతల్లో నిండితే తాగే నీళ్లలో కలుస్తుంది. పరుగున వెళ్లి కల్వర్టు మూత ఎత్తించాను. వేడి తగ్గగానే జిడ్డంతా అక్కడ గడ్డకట్టి, చెత్తను పట్టుకుని కూర్చుంది. మా వాళ్లు మళ్లీ వేడి నీళ్లు తెస్తామన్నారు.

"మళ్ల తోల్తరా? కింద ఇంకో గల్లీ ఉన్నది" అని ఖైరున్నిసా అడ్డుకుంది. బండి మీద కాగిన నూనెను ఆమె ఏనాడూ మోరీలో పోయలేదట. చల్లారాక ఊకలో కలిపి పొయ్యికి వాడుకుంటుందట.

ఎగువన ఇసుక బస్తాలతో నీళ్లు ఆపించి, గట్టిపడ్డ జిడ్డును పారలతో పెళ్లలుగా తీయించాను. ఆమె ఇచ్చిన ఊక ట్రాక్టరులో పరిచి అందులోకి ఎత్తాము. ఆమె కూడా తట్ట మోసింది. పొద్దు గూకేలోగా కాలువలో నీళ్లు దిగాయి. గుంతలు కడిగి బ్లీచింగ్ చల్లేదాకా ఆ గల్లీకి నీళ్లు వదలొద్దని వాల్వు తిప్పే ఆయనకు చెప్పి వచ్చాను.

రిపోర్టులో వంట చేసినవాళ్ల తప్పని రాయమంటావా అని ఇన్‌స్పెక్టర్ అడిగారు. వేడి నీళ్లు పోయించింది నేనేనని చెప్పాను. ఆయన అలాగే రాసి వేలిముద్ర వేయించుకున్నారు. పనిలోంచి మాత్రం తీసేయలేదు. అది ఆయన మంచితనం.

తర్వాతి వంటావార్పుకు పొయ్యి పొయ్యికీ ఊక డబ్బా పెట్టించాము. "ఉద్యమంల గీ జిడ్డు పంచాయితీ ఏందక్కా?" అని ఒకాయన విసుక్కున్నాడు.

"తెలంగాణొస్తే మోరీలు గూడ మనయే గద, అన్నా" అంది ఖైరున్నిసా. అందరూ నవ్వారు, ఆయన కూడా.

యాభై దాటాక చదవడం, రాయడం నేర్చుకున్నాను. నా చేత్తో రాసి ఆఫీసు గోడకు అంటించిన మొదటి కాగితం ఇది: "జిడ్డుకు వేడి నీళ్లు పోయొద్దు. చల్లారనిచ్చి ఎత్తాలి. ఆఖరి మూత దాకా నడిచి చూశాకే పని అయిందని రాయాలి." రాసింది నేనే గానీ, నేర్పింది ఖైరున్నిసా.