జీపు బానెట్ మీద సంతకం

ఆ రోజుల్లో నా కోపం ముక్కు మీదే ఉండేది. మార్కాపురంలో కంప్యూటర్ కోర్సు చేసి, శ్రీశైలం దారిలో ఒక మండలాఫీసులో ఆపరేటర్‌గా చేరాను. ఒక మిషను పలకరిస్తే రెండోది బదులు చెప్పాలి, ఆ తర్వాతే అసలు మాట, అదే ప్రోటోకాల్ అని కోర్సులో నేర్పారు. పలకల వ్యాపారం చేసే మా నాయన పద్ధతీ అంతే (ఎదుటివాడు టీ తాగందే ధర చెప్పేవాడు కాదు). ఆఫీసులో మాత్రం, దర్శనానికి పోయే పెద్దమనుషుల కోసం బొకేలు పట్టుకుని కూడలిలో నిలబడడమే ప్రోటోకాల్. వాళ్లు పలకకపోయినా మనం నవ్వుతూనే ఉండాలి.

ఒకరోజు అడవి గూడెం నుంచి ఒకామె కూతుర్ని వెంటబెట్టుకుని కుల సర్టిఫికెట్ కోసం వచ్చింది. పిల్ల నర్సింగు సీటుకు ఆ సాయంత్రమే ఆఖరు. కాగితం సిద్ధం చేశాను కానీ, సంతకం పెట్టాల్సిన తహసీల్దారు గారు అప్పటికే కూడలిలో ఉన్నారు. మా సీనియర్ని (వెనకాల బొకే మామ అనేవాళ్లం) అడిగితే, "పెద్దాయన కారు పోయినాక సంతకం. నువ్వూ రా, వరసలో ఒక మనిషి తగ్గినాడు" అన్నాడు. ఒళ్లు మండింది.

మూడు గంటల దాకా ఎండలో నిలబడ్డాం. బొకే ముందు ఎవరివ్వాలని ఇద్దరు నాయకులు కొట్లాడుకుంటుంటే, మామ నా చేత బొకేలిచ్చేవాళ్ల లిస్టు మూడుసార్లు తిరగరాయించాడు. మా వెనకే వచ్చిన తల్లీకూతుళ్లు కూడలి పక్క హోటల్ అరుగు మీద కూర్చుని నావైపే చూస్తున్నారు.

"ఆ పిల్ల సీటు పోతాది మామా."

"వరసలోంచి కదిల్తే నీ ఉద్యోగం పోతాది."

పోతే పోనీ అని, నా బొకే మామ చేతిలో కుక్కి, కాగితాన్ని తహసీల్దారు గారి ముందు జీపు బానెట్ మీద పరిచాను.

"ఏందప్పా, ఇప్పుడా?" అన్నారాయన.

"ఇప్పుడే సార్. వాళ్ల బస్సు వచ్చేస్తాంది."

ఆయన వంగి సంతకం పెడుతుండగా కారు వచ్చింది, ఆగకుండా పోయింది. అద్దమైనా దించలేదు. అయినా తప్పు నాదే అయింది. ఆ తల్లి కాగితాన్ని కొంగులో చుట్టుకుని, "పోయొస్తాం నాయనా" అని బస్సెక్కింది. మర్నాడు నాకు మెమో ఇచ్చారు. ఆ కోపంలో ఒక్క వాక్యమే జవాబు రాశాను: "మళ్లీ అయినా ఇలాగే చేస్తాను."

ఇప్పుడు నేనే సీనియర్ని. బీపీ మాత్రలు వేసుకుంటున్నాను, కోపం తగ్గింది. మొన్న కూడలిలో వరసలో నిలబడి ఉంటే, ఒక గొర్రెల కాపరి కాగితం పట్టుకుని వచ్చాడు. "కారు పోనీ అన్నా, చూద్దాం" అన్నాను. అనేశాక నవ్వొచ్చింది, సిగ్గూ వేసింది. ఆ మెమోకు జవాబు రాసినవాడు పక్కనే ఉంటే, నా చేతిలో బొకే లాక్కుని రోడ్డు మీద విసిరేసేవాడు.