నీడ పడ్డ ఫొటో

ఈ రోజుల్లో కళ్ళద్దాలు తుడుచుకుందామంటే ఇంట్లో ఒక్క నూలు గుడ్డ దొరకదు. చీరలు, చున్నీలు, దిండు గలీబులు, ఆఖరికి చేతిరుమాళ్ళు కూడా జారిపోయే రకమే; తుడిస్తే మసక ఒక మూల నుంచి ఇంకో మూలకు బదిలీ అవుతుంది తప్ప పోదు. మొన్న తిట్టుకుంటూ ఇల్లంతా వెతికితే, అల్మారా మీది పాత కెమెరా సంచిలో ఒక పీలిక దొరికింది. మా బాపమ్మ చీర కొంగుది, సిరిసిల్ల నూలు. దులిపితే ఇంకా పసుపు వాసన వచ్చింది.

ఆ వాసన వెంట కోరుట్లలోని మా వాకిలి వచ్చింది. వానలు వెనుకబట్టి, గునుగూ తంగేడూ పూసి, ఇంటింటా బతుకమ్మ సద్దుల కోసం నువ్వులు వేగుతుంటే, ఆ కమ్మదనాన్ని తొక్కేస్తూ తడిపిన తునికాకు వాసన. వీధి పొడుగునా ఆడవాళ్ళు ఒళ్ళో చాటలు పెట్టుకుని బీడీలు చుట్టేవాళ్ళు. మా అవ్వ, అంటే అమ్మ, వాళ్ళలో ఒకతె. మగవాళ్ళు దుబాయిలోనో మస్కట్‌లోనో ఉండేవాళ్ళు. కల్లు గీయడానికి తాళ్ళెక్కే ఇంట్లో పుట్టిన మా బాపు, ఇక్కడ తాళ్ళు ఎండిపోతే, అక్కడ మేడల చుట్టూ కట్టిన ఇనుప గొట్టాలు ఎక్కేవాడు. ఎక్కడమే కులవృత్తి కాబట్టి, వృత్తి మారలేదనే అనుకోవాలి.

ఇంట్లో కార్యానికి బాపు రాలేకపోతే దానికీ ఓ ఏర్పాటు ఉండేది. బస్టాండు దగ్గరి స్టూడియో ఆయన, ఊరందరికీ మామ, పాస్‌పోర్టు ఫొటోలోంచి బాపును కంప్యూటర్లో కత్తిరించి మా పక్కన అతికించేవాడు. అందుకే మేనత్త పెళ్ళిలో, తాత దినాల్లో, నాకు చెవులు కుట్టించిన రోజున, అన్నిట్లోనూ బాపుది ఒకటే నీలం అంగీ, ఒకటే బిగుసుకున్న మొహం, వీసా ఇస్తారో ఇవ్వరో అన్నట్టు. ఒక దాంట్లో కాళ్ళు కూడా ఉన్నాయి. అవి ఎవరివో ఇప్పటికీ తెలియదు. మా అందరి నీడలూ గోడ మీద పడేవి, ఆయనది తప్ప. నీడ ఉండనిది దయ్యాలకేనని బడిలో ఎవరో అన్న రోజు నుంచి ఆ ఫొటోల మీద నాకు పగ.

నేను ఏడో తరగతిలో ఉండగా బాపు దసరాకు సెలవు మీద వచ్చాడు. నైలాన్ తాడు కట్టిన అట్టపెట్టెలో దుప్పట్లు, సబ్బులు, పాలపొడి, వాటి మధ్య ఒక పెద్ద డిజిటల్ కెమెరా. స్వదేశం వెళ్ళిపోతున్న ఇంజనీరొకాయన, సామాను బరువెక్కువైందని ఇచ్చేశాడట. "ఇంగ్లీషు సదువుతున్నవ్ గద బిడ్డా, గిదేందో సూడు" అని నా మెడలో వేశాడు. దాని పుస్తకం సగం ఇంగ్లీషు, సగం అరబ్బీ. నాకు రెండూ సమానంగానే అర్థమయ్యేవి. అయినా బాపు వెళ్ళేలోగా ఆయన నిజంగా నిలబడ్డ ఫొటో ఒక్కటి తీసి తీరాలనుకున్నాను.

సాయం అడగబోతే మామ నవ్వాడు. "గిది ఆడివిల్లలు వట్టేది గాదు బిడ్డా. జగిత్యాలల గూడ ఇద్దరికో ముగ్గురికో అస్తది. నాకియ్యి, పైలంగ పెడ్త."

ఇవ్వలేదు. దాని తెర మీద ముందుగా ఏమీ కనబడదు, చిన్న కిటికీకి కన్ను ఆనించి చూడాలి. ఆనిస్తే నా ముక్కు జిడ్డంతా తెరకే. మొదట తీసినవన్నీ సున్నం కొట్టిన గోడల్లా వచ్చాయి, దిద్దుకుంటే బొగ్గులా వచ్చాయి. అంకె చిన్నదైతే వెలుతురు వచ్చే కంత పెద్దదవుతుందని తెలిశాక, ఈ లెక్క కట్టినవాడు మా లెక్కల సారుకు చుట్టమై ఉంటాడనిపించింది. బీడీలు చుట్టే అవ్వ వేళ్ళు చాలా రోజులు పొగలాగే వచ్చాయి. షట్టరు వేగం పెంచుతూ పోతే ఒక మధ్యాహ్నం గోళ్ళ సందుల్లో పొగాకు మరకతో సహా టక్కున ఆగాయి. అవ్వ చూసి, "నా చేతులు గిట్లున్నయా" అని వాటిని కొంగు కింద దాచుకుంది.

దసరా రానే వచ్చింది. తెల్లారితే బాపు బొంబాయి బస్సెక్కాలి. ఆ పొద్దు బాపమ్మ తాత తాళ్ళెక్కిన మోకునూ గీతకత్తినీ, అవ్వ బీడీల కత్తెరనూ వరుసగా పెట్టి, పసుపు రాసి బొట్లు పెట్టింది. పనిముట్టుకు నుదుటనే బొట్టు పెట్టాలి. నా కెమెరాకు నుదురెక్కడో వెతికింది. గుండ్రంగా, నున్నగా మెరుస్తున్న అద్దం కనబడింది. నూనెలో తడిపిన పసుపు, దాని మీద కుంకుమ, నిండుగా.

సాయంత్రం అందరినీ గోడ ముందు నిలబెట్టి తీస్తే, ప్రతి ఫొటోలో నడిమధ్య ఒక ఎర్రటి సూర్యోదయం, దాని వెనక బాపు. జమ్మి ఆకు పంచడానికి వచ్చిన మామ తొంగిచూశాడు. "ఇడ్సిపెట్టు బిడ్డా. మీ బాపు ఫొటో నా తాన ఉండనే ఉన్నది, అతికిస్త."

"అతికియ్యద్దు."

"ఎందుకే?"

"మా బాపు ఈడనే ఉన్నడు."

బాపమ్మ తన కొంగు అంచును పర్రున చించింది. "వెట్టిన చెయ్యే తుడుస్తది, తే" అని, నోటి ఆవిరి పట్టి పట్టి, నూనె పోయేదాకా తుడిచింది. అప్పటికి ఎండ ఎదురింటి కప్పు దాకా దిగిపోయింది. రోలు మీద గంప బోర్లించి, దాని మీద కెమెరా పెట్టి, టైమరు నొక్కి పరుగెత్తాను. వచ్చిన ఫొటోలో నా జడ గాలిలో ఉంది, చెప్పు ఒకటి లేదు. బాపమ్మ కెమెరాను అనుమానంగా చూస్తోంది, అవ్వ చేతులు దాచుకోవడం మరిచిపోయింది. కొత్త అంగీలో బాపు నవ్వుతున్నాడు. వెనక గోడ మీద ఆయన నీడ, ఆయనంత పొడుగు. మామ చాలాసేపు చూసి, "ఫోకసు జరంత పోయింది" అన్నాడు. మామ నోట అదే పెద్ద మెచ్చుకోలు.

ఆ స్టూడియో ఉన్నచోట ఇప్పుడు మొబైల్ దుకాణం ఉంది. బాపమ్మ లేదు. గునుగు రంగులద్దిన కట్టలుగా బండి మీద వస్తోంది. వీధిలో తునికాకు తడిపే ఇళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, అందులో మాది ఒకటి, అవ్వ మానదు. మోకాళ్ళు అరిగి బాపు ఇంటికే వచ్చేశాడు. కెమెరా ఎప్పుడో మూగబోయింది గానీ ఫొటో మాత్రం గోడ మీదే ఉంది. ఎవరొచ్చినా బాపు దాని ముందుకు తీసుకుపోతాడు. మొన్న, వీసా వచ్చిందని చెప్పడానికొచ్చిన పక్కింటాయనకూ చూపించాడు.

"గిది అతికిచ్చింది గాదు. నీడ సూడు. గా దినం నేను ఈడనే ఉన్న."

అవ్వ చాటలోంచి తల ఎత్తలేదు.

"ఉన్నవ్. తెల్లారి పోయినవ్."