ఎండదెబ్బ అని చెప్పాను

మా సిరొంచలో కోడికి జబ్బు చేస్తే అందరికీ తెలిసిన వైద్యం ఒక్కటే, కత్తి. అది రెక్కలు వాల్చిందంటే ఇంట్లో ఉల్లిగడ్డలు తరగడం మొదలవుతుంది. చచ్చాక పారేసేకంటే ప్రాణముండగా కోసుకుంటే నలుగురి కడుపు నిండుతుందని లెక్క. మా పక్కింటి ఖాలా కూడా గోడ మీదినుంచి చూసి, జర జల్ది చెయ్యమని, రేపటికి చస్తే ఎవరికీ పనికిరాదని చెప్పింది. ఆమె నా మంచికే చెప్పింది. నాకు మాత్రం ఒళ్లు మండింది.

నాకు పిల్లల్లేరు. ఈ మాట చెప్పగానే నేను కోడిని పిల్లలా సాకుకున్నానని జాలిపడేవాళ్లుంటారు. అదేం లేదు. అది కోడే. గుడ్లు పెట్టేది, నేను తినేదాన్ని. నా భర్త లారీ నడుపుతాడు, ఇంటికి వచ్చేది నెలకు రెండుసార్లు. ముందు గదిలో నేను జాకెట్లు కుడుతుంటే, ఆ ఎర్రపెట్ట మిషను కింద గుడ్డముక్కల్లో కూర్చుని గొణుగుతూ ఉండేది. అది లేకపోతే ఇల్లు మరీ బోసిపోతుందని అనిపించిన మాట నిజం. కానీ దాన్ని బతికించాలని నేను పట్టుబట్టింది ప్రేమతో మాత్రమే కాదు, పంతంతో. వాడకట్టంతా చస్తుందన్నది గనక అది బతికి తీరాలి.

మొదట తిండి మానేసింది. మర్నాటికి ఆకుపచ్చగా నీళ్లలాంటి రెట్ట, నోరు తెరిచి గురగురమంటూ ఊపిరి. గంపలో గోనెసంచి పరిచి, పాత చీర కప్పి పొయ్యి పక్కన పెట్టుకున్నాను. వెల్లుల్లి, మిరియాలు, పసుపు నూరి బఠానీ గింజంత ఉండలు చేసి మింగించాను. ముక్కు విప్పడానికి బొటనవేలు ఎక్కడ పెట్టాలో రెండుసార్లు పొడిపించుకున్నాక తెలిసింది. నూకల జావ పలచగా కాచి, సిరా పోసే గొట్టంతో చుక్కచుక్కగా పోసేదాన్ని. సగం దాని మెడ మీద, సగం నా ఒళ్లో. కుట్టాల్సిన జాకెట్లు కుప్ప పడ్డాయి. ఒకామె, నీ కోడి చచ్చేదాకా మా పెండ్లి ఆగదమ్మా అని గుడ్డ వాపసు తీసుకుని పోయింది.

దాన్ని పశువుల దవాఖానాకు కూడా తీసుకుపోయాను. కాంపౌండరు దూరం నుంచే చూసి, సగం మా సర్కారు భాష మరాఠీలో, సగం తెలుగులో చెప్పాడు. ఇది కొక్కెర రోగం. టీకా ముందే వేయించాలి, వచ్చాక మందు లేదు. బతికితే దాని అదృష్టం. ఇంకో మాట కూడా చెప్పాడు. కోళ్లున్న చోటికి దీన్ని తీసుకుపోవద్దు, నువ్వు కూడా కాళ్లు, చెప్పులు కడుక్కోకుండా పోవద్దు అన్నాడు. నేను విన్నాను. అర్థం కాలేదని చెప్పుకునే వీలు నాకు లేదు.

మూడో రోజు దాని మెడ మెలి తిరిగింది. తల వెనక్కి వాల్చి ఆకాశం చూస్తూ గుండ్రంగా తిరిగి పడిపోయేది. అప్పుడు నాకు పాతగూడెం దగ్గర మా అక్క పక్కింట్లో ఉండే పెద్దమ్మ గుర్తొచ్చింది. గోండు ముసలామె. అడవి వేర్లు తెలిసిన మనిషి. మేకలకూ కోళ్లకూ మందిస్తుంది, బాలింతలకు ఒళ్లు పట్టి నీళ్లు పోస్తుంది. ఆ ఊళ్లో సగం మంది పసిపిల్లలు ఆమె కాళ్ల మీద స్నానం చేసినవాళ్లే. మర్నాడు పొద్దున పెట్టను సంచిలో పెట్టుకుని జీపెక్కాను.

అక్క ఇంట్లో పదకొండు కోళ్లున్నాయి. అక్క పెండ్లయిన బిడ్డకు ఎనిమిదో నెల, కాన్పుకు పుట్టింటికి వచ్చింది. బిడ్డ కడుపుతో ఉందని తెలిసినప్పటినుంచి అక్క ఒక్క కోడిని కోయలేదు, అమ్మలేదు. పండగకు అల్లుడు వస్తే కూడా పప్పే పెట్టింది. అవన్నీ బాలింత కోసం. రక్తం తక్కువున్న పిల్ల, కాన్పయ్యాక వారానికో నాటుకోడి పులుసు పోస్తే లేచి కూర్చుంటుందని అక్క ఆశ. ఇదంతా నాకు తెలుసు. తెలిసే పోయాను.

"ఏమైందే దీనికి?" అని అడిగింది అక్క సంచి చూసి.

"ఎండదెబ్బ" అన్నాను.

నోరు జారి అన్న మాట కాదది. జీపులో గంటన్నర కూర్చుని తయారుచేసుకున్న మాట. కొక్కెర అని చెబితే అక్క నన్ను వాకిట్లోకి కూడా రానిచ్చేది కాదు.

పెద్దమ్మ పెట్టను ఒళ్లోకి తీసుకుని ముక్కు విప్పి వాసన చూసింది, తోక ఎత్తి చూసింది. ఎన్నాళ్లయిందని అడిగింది. నా ముఖంలోకి ఒకసారి చూసి లోపలికి పోయి ఏదో వేరు అరగదీసి తెచ్చింది. పొద్దూమాపూ పోయమని, ఇంట్లోనే ఒక మూలకు ఉంచమని, బయట పెట్టొద్దని గట్టిగా చెప్పింది.

నేను బయటే పెట్టాను. ఎండదెబ్బ తగిలిన కోడిని ఇంట్లో దాచిపెడితే అక్కకు అనుమానం వస్తుంది. ఒక అబద్ధానికి తోడు ఇంకోటి కావాలి కదా. పెరట్లో చింతచెట్టు నీడన గంప బోర్లించి దాని కింద ఉంచాను. అక్క కోళ్లు ఆ గంప చుట్టూ తిరుగుతూ, నేను పెట్టిన నూకల్లో బయట చిందినవి ఏరుకున్నాయి. గంప ఎత్తినప్పుడల్లా దాని నీళ్ల మూకుట్లో ముక్కు ముంచాయి. నేను గడప మీద కూర్చుని చూస్తూనే ఉన్నాను. ఒకట్రెండుసార్లు ఉష్ అని అదిలించాను కూడా. మనసుకు చెప్పుకోవడానికి ఆ మాత్రం చేశాను.

రెండో రోజు సాయంత్రం పెట్ట తనంతట తాను రెండు గింజలు మింగింది. వేరు పనిచేసిందో, దానిది కూడా నాలాగే మొండి ప్రాణమో చెప్పలేను. ఇంటికి తీసుకొచ్చిన నాలుగు రోజులకు నిలబడింది. తల మాత్రం ఒక పక్కకు వంగే ఉండిపోయింది. నేను దాన్ని చంకన పెట్టుకుని వాడకట్టంతా తిప్పాను. ఖాలాకు రెండుసార్లు చూపించాను.

వారం తిరక్కుండా అక్క ఫోన్ చేసింది. వాళ్ల ఊళ్లో సిగ్నల్ దొరకదు, ఇంద్రావతి వంతెన మీదికి నడిచి వచ్చి మాట్లాడాలి. నాలుగు కోళ్లు పోయాయని, మిగతావి ఆకుపచ్చగా పారుతున్నాయని ఏడుస్తూ చెప్పింది. రెండు రోజులకు మళ్లీ వంతెన మీదికి వచ్చింది. ఈసారి ఏడవలేదు. గొంతు గట్టిపడింది.

"ఒక్కటి మిగల్లే. నీ పెట్టకున్నది ఎండదెబ్బ. ఎండదెబ్బ అంటుకుంటదా? అంటుకోదు. మరి ఈ రోగం ఏడికెల్లి వచ్చింది? గా ముసల్ది నీ కోడి మీది పీడ తీసి నా కోళ్ల మీద పెట్టింది. ఆమె చెయ్యి మంచిది గాదే."

అక్క అన్నదాంట్లో సగం నిజమే ఉంది. నా పెట్ట రోగమే ఆమె కోళ్ల మీదికి పోయింది. మోసుకొచ్చిన చెయ్యి ఎవరిదన్న దగ్గరే తప్పింది, ఆ తప్పు కూడా నేను నేర్పిందే. ఎండదెబ్బ అన్న మాట నేను అనకపోతే ఆమె బుద్ధి అటు పోయేది కాదు. చెప్పడానికి అప్పుడు ఒక్క నిమిషం పట్టేది. తేలు కుట్టిన దొంగలా ఊ కొట్టాను.

పెద్దమ్మ కోళ్లు కూడా పోయాయని తర్వాత తెలిసింది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. మా దిక్కు ఒక ఆడమనిషి చెయ్యి మంచిది కాదన్న మాట పుడితే ఇక చావదు. మనిషి చచ్చినా అది ఉంటుంది. నెల తిరిగేసరికి ఊళ్లో ఆమెతో వైద్యం చేయించుకునేవాళ్లు తగ్గిపోయారు.

అక్క బిడ్డకు ఆడపిల్ల పుట్టింది. ఇరవయ్యొకటో రోజు తొట్టెల పండగకు నేను సిరొంచ నుంచి రెండు కిలోల బ్రాయిలర్ కోడికూర వండుకుని పోయాను. బాలింత రెండు ముద్దలు తిని, వాసన వస్తోందని పక్కకు పెట్టింది. ముఖం సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. నడుము పట్టేసిన అక్కే కిందా మీదా పడి పసిదానికి స్నానం చేయిస్తోంది, అది గుక్కపట్టి ఏడుస్తోంది. పక్కింటి తలుపు వేసి ఉంది.

మధ్యాహ్నం బోరింగు దగ్గర పెద్దమ్మ ఎదురైంది. బిందె దించి నా ముందుకు వచ్చి నిలబడింది.

"ఎండదెబ్బకు మెడ తిరుగుతదా బిడ్డా? అది కొక్కెరని నాకు ఆ పొద్దే ఎరుక. మీ అక్కతోని చెప్పుకున్నవనుకున్న."

నేను నా బిందె బోరింగు కింద పెట్టాను.

"నేను చెప్తే ఎవలు నమ్ముతరు ఇగ? నువ్వు చెప్పాలె. ఈ ఊళ్లె నేను బతకాలె."

ఆమె బతిమాలలేదు. గొంతులో కోపముంది, నేను చెప్పకపోవచ్చన్న అనుమానం కూడా ఉంది. చెప్తానన్నాను. నిజంగానే చెబుదామని లోపలికి పోయాను. అక్క పసిదాన్ని నా ఒళ్లో పెట్టి, నా సంచిలో సొరకాయలు సర్దుతూ, ఆ ముసల్ది నీతో ఏమంటుందని అడిగింది. ఏం లేదు, నీళ్లు వస్తున్నాయా అని అడిగింది అన్నాను. నాకు అబద్ధాలు ఇంత తేలిగ్గా వస్తాయని ఆ ఏడాదే తెలిసింది.

అది జరిగి రెండు ఎండాకాలాలు దాటాయి. ఎర్రపెట్ట బతికే ఉంది, తల వంచుకునే గుడ్లు పెడుతోంది. అవి ఖాలాకు ఇచ్చేస్తాను, నాకు సహించవు. పెద్దమ్మను ఇప్పుడు ఏ బాలింత ఇంటికీ పిలవడం లేదట.

నేను చిన్నప్పుడు గోదావరి అవతల మేనత్త ఇంట్లో ఉండి తెలుగు బడిలో చదివాను. అక్క బడి ముఖం చూడలేదు. ఆమె బిడ్డ చదివింది మరాఠీ. పెద్దమ్మకు ఏ లిపీ రాదు. ఆ రెండిళ్లలో ఈ అక్షరాలు చదవగలిగే మనిషి ఒక్కరూ లేరు. అందుకే ఇక్కడ ఇంత ధైర్యంగా రాస్తున్నాను.