ట్యాంకులాయన తాగిన నీళ్ళు

హాస్టలు డాబా మీద, మొదటి ట్యాంకు నోట్లో ట్యాంకులాయన ఇరుక్కుపోయాడు. కాళ్ళు లోపల, తల బయట, పొట్ట మధ్యలో. కిందికీ పోడు, పైకీ రాడు. బావమరిది వెనక నుంచి చంకల కింద చేతులు వేసి లాగుతూ, "ఊపిరి వదిలెయ్ బావా, మొత్తం వదిలెయ్" అన్నాడు.

"వదిలేస్తే పోతాన్రా!"

"నేను చెప్పేది గాలి సంగతి. ప్రాణం సంగతి కాదు."

చివరికి నడుము చుట్టూ సబ్బునీళ్ళు పోస్తే జారుతూ బయటపడ్డాడు. చొక్కా గుండీలు రెండు మాత్రం ట్యాంకుకే దక్కాయి. కేకలు విని పైకొచ్చిన హాస్టలు మేనేజరమ్మ నవ్వలేదు. తన చీర కొంగుకున్న పిన్నీసు తీసి ఆయన చేతిలో పెట్టి, చొక్కాకి పెట్టుకోమంది. ఆ తర్వాతే అసలు మాట చెప్పింది.

"మీ పని మీద నాకు నమ్మకమేనండీ. కానీ ఇవి పిల్లలు తాగే నీళ్ళు. మూణ్ణెల్ల తర్వాత మళ్ళీ కడిగించాలి. అప్పటికీ మీరు లోపలికి పట్టకపోతే వేరేవాళ్ళని చూసుకోక తప్పదు."

ఆవేళ మిగిలిన ట్యాంకులు పైనుంచే కర్రబ్రష్షుతో అయిందనిపించి ఇద్దరూ దిగివచ్చారు.

ఇరవై రెండేళ్ళుగా ఆయనది ఇదే పని. ఇళ్ళ మీద, బడుల మీద ఉండే మంచినీళ్ళ ట్యాంకులు కడగడం. అందుకే అందరికీ ట్యాంకులాయన. సొంత పేరు గుర్తున్నవాళ్ళు తక్కువ. ముందు నీళ్ళు వదిలేసి, మూత తీసి, లోపలి చెడుగాలి పోయేదాకా గంటసేపు ఆగుతాడు. తర్వాత ట్యాంకు అంచుని కళ్ళకద్దుకుని, పైవాడిని తలుచుకుని, టార్చిలైటుతో లోపలికి దిగుతాడు. గోడలు రుద్దడం, అడుగున పేరుకున్న మడ్డి ఎత్తడం ఆయన వంతు. బయట తాడు పట్టుకోవడం, బకెట్లు లాగడం బావమరిది వంతు. బావమరిది సన్నగా రివటలా ఉంటాడు గానీ మూసి ఉన్న చోట నిలబడలేడు. లిఫ్టు ఎక్కినా చెమటలు పట్టి, రెండో అంతస్తులోనే దిగిపోయే రకం. కాబట్టి ఆయన పట్టకపోతే పని లేనట్టే. అందులోనూ హాస్టలు ట్యాంకులు ఆరు, అన్నీ మామూలు వాటికంటే ఇరుకు నోళ్ళవి. రెండు కుటుంబాలకీ ఒకేచోట అంత డబ్బొచ్చే పని ఇంకోటి లేదు.

బావమరిది మందపాటి ఇనపతీగ తెచ్చి సరిగ్గా ఆ ట్యాంకు నోరంత వలయం వంచాడు. ఇంట్లో బట్టలు తగిలించే మేకుకి దాన్ని వేలాడదీశాడు. ప్రతి ఆదివారం పొద్దున్నే ఆయన చేతులు పైకెత్తి నిలబడేవాడు. భార్య వలయాన్ని తల మీదుగా దించేది. చంకలు దాటి, రొమ్ము దాటి, పొట్ట దగ్గరికొచ్చేసరికి ఆగిపోయేది.

"ఇంకా నాలుగు వేళ్ళు" అనేది ఆవిడ.

"నీ వేళ్ళా, నా వేళ్ళా?"

"నా వేళ్ళే. మీ వేళ్ళయితే మూడు."

ఆవిడ అన్నం సగం చేసింది. నూనె తగ్గించింది. ఆయన కిక్కురుమనకుండా తిన్నాడు. రంగుసోడాలు మానేశాడు కూడా. వాటి బదులు డబ్బాలో వచ్చే పళ్ళరసం పట్టాడు. డబ్బా మీద ఆకులతో సహా పళ్ళ బొమ్మ ఉండటంతో, మందు తాగినంత భక్తిగా రోజుకి మూడు తాగాడు. నెల తిరిగేసరికి వలయం నాలుగు వేళ్ళ దగ్గర కాదు, అయిదు వేళ్ళ దగ్గర ఆగింది. ఆవిడకి ఏడుపొక్కటే తక్కువ. మర్నాడే ఆయన్ని ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్ళింది.

అక్కడి నర్సు నడివయసు మనిషి. కాగితం మధ్యలో నిలువుగీత గీసి, ఒక పక్క తిన్నవి, ఇంకో పక్క తాగినవి చెప్పమంది. తిన్నవి నాలుగు వరసల్లో అయిపోయాయి. తాగినవి మొదలుపెడితే ఆగలేదు. పొద్దున్న ఇంట్లో టీ, వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ పని ముందొక టీ, పని తర్వాత చల్లగా ఏదో ఒకటి, మధ్యలో పళ్ళరసం, సాయంత్రం తేనె కలిపిన నిమ్మరసం. అన్నిట్లోనూ తీపి.

"మీరు తిని లావెక్కలేదు, తాగి లావెక్కారు" అంది నర్సు. "పళ్ళరసం అంటున్నారే, అందులో రసం కంటే చక్కెరే ఎక్కువ. పండు కొరుక్కు తినండి. టీ మానలేకపోతే చక్కెర లేకుండా తాగండి. మిగతావన్నీ తీసేసి నీళ్ళు తాగండి. అసలు ఇందులో నీళ్ళే లేవేం?"

"నేను నీళ్ళు తాగనమ్మా."

"ఎందుకని?"

"ట్యాంకులు కడుగుతానమ్మా."

నర్సు కలం ఆగిపోయింది. పక్కన పెట్టుకున్న తన గ్లాసు వైపు ఒకసారి చూసింది.

"కడిగేది మీరే కదా, ఇంక భయమేంటి?"

ఆయన తల వంచుకున్నాడు. "కడిగినవాడికే తెలుస్తుందమ్మా, ఏ మూల వదిలేశాడో" అన్నాడు మెల్లగా.

భార్య ఆయన వైపు చూసింది. ఇంటికెళ్ళగానే తాగే నీళ్ళ బిందె ఒంపేసి తోమడం మొదలుపెట్టింది. ఆయనకి అదే ఎక్కువగా తగిలింది.

ఆ వారంలోనే ఒక కుట్టుపనామె ఇంట్లో ట్యాంకు కడిగారు. పనయ్యాక ఆమె ఎప్పటిలాగే తీపి నిమ్మరసం కలిపి తెచ్చింది. పరాయి ఇళ్ళలో ఒళ్ళు వంచి పనిచేసేవాడికి ఆదరణ ఎక్కువగా గ్లాసులోనే అందుతుంది. కాదంటే ఇచ్చిన చేయి చిన్నబోతుంది. అందుకే ఆయన ఇన్నేళ్ళూ కాదనలేదు.

"ఒంట్లో బాగుండటం లేదమ్మా. వట్టి నీళ్ళు చాలు" అన్నాడు.

ఆమె మొహం ఒక్క క్షణం మాడింది. వెంటనే సర్దుకుని కుళాయి తిప్పి గ్లాసు నిండా నీళ్ళు పట్టి తెచ్చింది. అవి ఇప్పుడే కడిగి నింపిన ట్యాంకులోవి. ఆయన గ్లాసు నోటిదాకా తెచ్చాడు. ట్యాంకు లోపల నీళ్ళొచ్చే గొట్టం వెనక ఒక సందు ఉంది. అక్కడికి చెయ్యి పెట్టాలంటే భుజం నొప్పి. ఈరోజూ పెట్టలేదు. గ్లాసు కింద పెట్టేశాడు.

"అమ్మా, ఒక్క గంట. మళ్ళీ దిగాలి."

"నింపేశాం బావా!" బావమరిది గుడ్లు తేలేశాడు. "నీకేమైనా పిచ్చా?"

"నీళ్ళు వదలరా. ఆ పూలకుండీలకి పొయ్యి, గచ్చు కడుగు, ఏదో ఒకటి చెయ్యి."

కుట్టుపనామె ఎందుకని అడగలేదు. ఉన్న బకెట్లన్నీ తెచ్చి వరసగా పెట్టింది. ఎత్తు పీట ఒకటి తెచ్చి ట్యాంకు పక్కన వేసింది. ఆయన ఎలాగో దిగి, ఆ సందులోంచి గుప్పెడు పాచి తీశాడు. మళ్ళీ నింపాక, ఇందాకటి గ్లాసులోనే నీళ్ళు పట్టించుకుని గటగటా తాగాడు. చల్లగా, ఏ రుచీ లేకుండా ఉన్నాయి. ఇంకో గ్లాసు అడిగాడు.

ఆ రోజు నుంచి ప్రతి ఇంట్లోనూ అదే వరస. కడగడం, నింపడం, మొదటి గ్లాసు తాను తాగడం. తాగాలి కాబట్టి ఏ మూలా వదలడానికి మనసొప్పేది కాదు. రోజుకి నాలుగిళ్ళు చేసేవాళ్ళు రెండే చేయగలిగారు. బావమరిది సణుగుతూనే తాడు పట్టేవాడు. టీ ఇచ్చేవాళ్ళకి చక్కెర వద్దని ఆయన ముందే చెప్పేవాడు. అయినా ఒక ముసలావిడ, కష్టపడే మనిషికి చప్పటి టీ ఎలా ఇస్తాం అని, అడుగున రెండు చెంచాలు వేసి కలపకుండా తెచ్చింది. ఆయన కనిపెట్టాడు. పైపైన తాగి, "బాగుందమ్మా" అని అడుగున ఉన్నది వదిలేశాడు.

మొదటి పది రోజులూ తలనొప్పి, చిరాకు. తర్వాత వలయం కదిలింది. నాలుగు వేళ్ళు, మూడు, రెండు. గడువుకి ముందు ఆదివారం పొట్ట దగ్గర కాస్త పట్టి, కిందికి జారి, చప్పుడు చేస్తూ నేల మీద పడింది. భార్య దాన్ని తీసి మళ్ళీ దించి చూసింది. రెండోసారి పొట్ట దగ్గరే ఆగిపోయింది.

"ఏ సంగతీ చెప్పలేం" అంది.

హాస్టలు రోజు మేనేజరమ్మ డాబా మీదే నిలబడింది. మూత తీసి గంట గడిచింది. ఆయన అంచుని కళ్ళకద్దుకున్నాడు. కాళ్ళు దించాడు, నడుము దించాడు. పొట్ట దగ్గర ఇనప అంచు ఒరుసుకుంది. ఆగాడు. ఆయన ఊపిరంతా వదిలి, చేతులు పైకెత్తి, కొంచెం పక్కకి తిరిగాడు. చర్మం గీసుకుంది. మరుక్షణం డాబా మీద ఆయన లేడు.

"బ్రష్షివ్వు" అని లోపలి నుంచి గొంతు మోగింది. "గొట్టం వెనక చాలా ఉందిరా ఇక్కడ. చిన్నబ్రష్షు కూడా ఇవ్వు."

మేనేజరమ్మ గోడ నీడలోకి జరిగి, "ఒక్కో ట్యాంకుకి ఎంతసేపు పడుతుంది?" అని అడిగింది.

"ఇదివరకు అరగంటేనండీ" అన్నాడు బావమరిది.

"ఇప్పుడు?"

బావమరిది రెండు బ్రష్షులూ లోపలికి అందించి, తాడు మణికట్టుకి చుట్టుకున్నాడు. "మీరు కూర్చోండమ్మా" అన్నాడు.