సామల పాయసం, కంచె దగ్గర ఎలుగుబంటి

మా ఇంట్లో వెలిగే దీపం మీద ఒట్టు, ఇందులో ఒక్క అక్షరం కూడా అబద్ధం కాదు. నా సంగతి తెలిసినవాళ్లు నవ్వుకుంటే నవ్వుకోండి.

మొన్న మణుగూరు బజారులో, వేడి పాలలో కలిపితే చాలు సామల పాయసం సిద్ధమని రాసి ఉన్న పొట్లం అందుకోబోతే, మా ఆవిడ దాన్ని లాక్కుని అరలో పెట్టేసి నన్నొక చూపు చూసింది. పెళ్లయిన ఏడు మా అమ్మను చూసిన చూపే అది.

మాది బూర్గంపాడు దాటాక అడవి అంచు ఊరు. కొత్త సామలు ఇంటికొచ్చినప్పుడు చేసుకునే కొత్తల పండుగకు, ఎండిన ఇప్పపూలు, సారపప్పు వేసి పాయసం వండి చుట్టాలందరికీ పెట్టడం ఆనవాయితీ. ఆ గరిటె అమ్మ ఎవరికీ ఇచ్చేది కాదు. వైరా కాలువ కింద వరి అన్నం తిని పెరిగిన మా ఆవిడ కాపురానికొచ్చిన కొత్తలో దాని మీద చెయ్యి వేస్తే, అమ్మ నవ్వింది.

"పక్కకు జరుగు బిడ్డా. కాలువ నీళ్లు తాగినోళ్లకు సామల సంగతేం ఎరుక?"

"ఈసారి కొత్తలకు నేనే వండుత అత్తమ్మా. బాగ లేదన్నరనుకో, మళ్ల ఆ గరిటె ముట్ట."

సార గింజ పెంకు రాయిలా ఉంటుంది, లోపలి పప్పు మాత్రం మెత్తన. మా ఆవిడ రోట్లో వేసి దంచితే రెండూ కలిసి నుగ్గయ్యాయి. ఆ పాయసం రుచి చూసినవాణ్ణి నేనే. దవడ పన్ను మూల విరిగింది, కావాలంటే ఇప్పుడైనా చూపిస్తాను. మరోసారి మరిగే పాలలో బెల్లం వేసి విరగ్గొట్టింది. అమ్మ అరుగు మీద ఆకు నములుతూ చూసిందే తప్ప ఒక్క ముక్క చెప్పలేదు, ఈవిడా అడగలేదు. గింజలు నానబెట్టి, రుద్ది, ఎండబెట్టి, తిరగలి పైరాయిని కాస్త ఎత్తిపట్టి తిప్పుతూ, అరచేతులు బొబ్బలెక్కినా, పెంకు చిట్లి పప్పు విరక్కుండా రాలే దాకా వదల్లేదు.

పండుగనాడు నేతిలో వేగిన ఇప్పపూల వాసన అడవిలోకి పోయిందేమో, ఒక ఎలుగుబంటి వచ్చి కంచె అవతల, బంతిలో చోటు దొరకని చుట్టంలా కూర్చుంది. మా మేనమామ విస్తరి వదిలి అటకెక్కాడు.

"నా పాయసం గిటే అందియ్యి బిడ్డా, నేను దిగ!"

మా ఆవిడ గరిటె తిప్పడం ఆపలేదు. అమ్మ ఒక గిన్నె తిని, ఇంకో గిన్నె పోయించుకుని, అందరి ముందూ, "నాకన్న మంచిగ వండినవ్ బిడ్డా" అంది.

ఇప్పుడు అమ్మ లేదు. అడవిలో సార చెట్లు పలచబడ్డాయి. ఎలుగులు మా కంచె దాకా రావడమే మానేశాయి. మా ఆవిడ మాత్రం ఈ ఏడూ సంతలన్నీ తిరిగి గింజలు తెచ్చి, తిరగలి ముందు కూర్చుంది.

ఒట్టు వేశాను కనుక ఒకటి ఒప్పుకోవాలి. కల్పించింది ఎలుగుబంటిని కాదు, మేనమామనడగండి. కల్పించింది అమ్మ మాటను. అమ్మ ఆ రోజు ఏమీ అనలేదు. తిని, గిన్నె కడిగి బోర్లించి, గరిటెను పొయ్యికి అవతల, కోడలు కూర్చునే వైపు పెట్టి లేచి వెళ్లింది. నేను ఈ కథ చెప్పినప్పుడల్లా ఎలుగుబంటి పెద్దదవుతున్నకొద్దీ మా ఆవిడ కసురుతుంది. అమ్మ మాట దగ్గర మాత్రం, ఇన్నేళ్లలో ఎన్నడూ అడ్డు రాలేదు.