ఇంటాయన లోపలికి వెళ్లి చూసి వచ్చిన రోజు

మా అత్త బతికున్నప్పుడు దయ్యాల ముచ్చట మొదలుపెడితే నేను లేచి పనికి పోయేదాన్ని. మిరప కల్లాల దగ్గర ఒక్కదాన్నే కావలి పడుకున్నాను, వాగు గడ్డన వంట చేసుకుని తిన్నాను, ఏ దయ్యమూ నా మొహం చూడలేదు. భయపడాల్సి వస్తే మనిషికే భయపడాలి అనేదాన్ని. ఇప్పుడు కూడా దయ్యాన్ని చూశానని చెప్పడం లేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను. నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే మా బిడ్డ సుజాత రాస్తోంది.

మాది కోస్గి వైపు. వానలకు ఊళ్లో ఇల్లు కూలిపోతే మళ్లీ లేపుకునే తాహతు లేక, నా పెనిమిటి కిష్టయ్యా నేనూ మేళ్లచెరువు వచ్చాం. ఆయన సిమెంటు బస్తాలు మోసే హమాలీ. నేను మిరప తోటలకు పోయేదాన్ని. కరెంటాఫీసులో పనిచేసి దిగిపోయిన ఒకాయన ఇంటి వెనక రెండు గదులు కిరాయికి తీసుకున్నాం. అందరూ ఆయన్ని లైన్‌మన్ సారు అనేవాళ్లు. ఆయన కుటుంబం ముందు ఇంట్లో, మేడ మీద ఉండేది.

ఇల్లు చూపించిన రోజే సారు చెప్పాడు. "తాళపు చెవులు రెండు. ఒకటి మీకు, ఒకటి నాకు. ఇల్లు నాది, ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడొచ్చి చూసుకుంట. ఇష్టముంటే దిగుండ్రి."

దిగాం. ప్రతి ఆదివారం వచ్చేవాడు. తలుపు కొట్టేది లేదు, పిలిచేది లేదు. గోడకు ఎన్ని మేకులు కొట్టామో చూసేవాడు, పొయ్యి వెనక మసి గోకి చూసేవాడు. ఒకసారి నేను తల దువ్వుకుంటుంటే నడిచి వచ్చేశాడు. కిరాయికి ఇచ్చాక అట్లా రావచ్చో రాకూడదో మాకెవరు చెబుతారు? ఇల్లు ఆయనది, నిజమే కదా అనుకున్నాం.

మా పక్క గదుల్లో ఇంకో కుటుంబం ఉండేది. వాళ్ల ముసలమ్మ దవాఖానలో చనిపోయింది. శవాన్ని గేటు దాటనివ్వలేదు సారు. ఇది ఆయన ఒక్కడి పద్ధతి కాదు, మా దిక్కు చాలామంది ఇంతే. కిరాయి ఇంట్లో చావు జరిగితే, ఘడియ మంచిది కాకపోతే, ఇల్లు నెలలకు నెలలు పాడుపెట్టాలంటారు. ఆ ముసలమ్మను రోడ్డు పక్కన పరదా కింద పడుకోబెట్టారు. ఆ రోజు ముసురు. లారీలు పోతుంటే బురద ఎగిరి ఆమె మీద కప్పిన గుడ్డ మీద పడుతోంది. కొడుకు వంగి చేత్తో తుడుస్తున్నాడు.

ఇంటికొచ్చి నా పెనిమిటి అన్నం ముట్టలేదు. "నన్ను గట్ల రోడ్డు మీద పెట్టకు బాలమ్మా. నా శవం ఇంట్ల నుంచే లేవాలె" అన్నాడు.

నేను నవ్వాను. "నా ఇష్టమున్న కాడ పెడత. అప్పుడు లేసొచ్చి అడుగుతవా?"

ఆయన నవ్వలేదు. అరచెయ్యి చాపి పట్టుకున్నాడు. చేతిలో చెయ్యి వేసి మాటిచ్చాను. గదిలో మేమిద్దరమే. ఆయన పోయేదాకా ఈ ముచ్చట నేను ఎవరికీ చెప్పలేదు, నా బిడ్డకు కూడా.

తరువాతి ఏడు ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు, మాట పోయాయి. మాట ఇక రాదని పెద్ద దవాఖాన డాక్టరు తేల్చి చెప్పాడు. పదకొండు నెలలు మంచంలోనే. ఆకలైతే కన్ను ఆర్పేవాడు, అంతే. గొంతులోంచి సప్పుడు కూడా వచ్చేది కాదు.

అప్పటి నుంచి సారు ఆదివారాలు మానేసి రోజూ రావడం మొదలుపెట్టాడు. పొద్దు ఎక్కాక, టిఫిను తిన్నాక వచ్చేవాడు. నల్లా చూడటానికొచ్చాననేవాడు, నేరుగా లోపలి గదికి పోయి నా పెనిమిటి ఛాతీ లేస్తుందా లేదా అని చూసేవాడు. ఒకరోజు కడుపు మండి, "నల్లా బయటున్నది సారూ, మంచం మీద లేదు" అన్నాను.

ఆయన కోపానికి రాలేదు. "నా కోడలు నిండు మనిషి బాలమ్మా. గీ కాంపౌండుల చావు కావద్దు. ఇగ లాభం లేదనిపిస్తే ముందే చెప్పు, ఊరవతల రేకుల షెడ్డు ఉన్నది, ఆటో నేనే మాట్లాడత" అన్నాడు.

ఊపిరి ఉండగానే మనిషిని షెడ్డుకు మోయాలన్నమాట.

ఆ రోజు మామూలుగానే తెల్లారింది. జొన్న జావ తాపుతున్నాను. రెండు చెంచాలు మింగాడు. మూడోది మూతి పక్క నుంచి కారింది. తుడిచాను, మళ్లీ కారింది. స్టీలు గ్లాసు ముక్కు దగ్గర పెట్టి చూశాను. ఆవిరి పట్టలేదు.

ఏడవలేదు నేను. ఏడిస్తే మేడ మీదికి వినబడుతుంది, ఆటో వస్తుంది. చీర కొంగు నోట్లో కుక్కుకుని చేయాల్సింది చేశాను. కాలి బొటనవేళ్లు రెండూ దారంతో కలిపి కట్టాను. నోరు తెరుచుకుంటుంటే గదవ కింద నుంచి తువాల తిప్పి నడినెత్తిన గట్టిగా ముడి వేశాను. చలికి తలగుడ్డ కట్టినట్టే ఉంది. మొహం గోడ వైపు తిప్పి మెడ దాకా దుప్పటి కప్పాను. అప్పుడు హుజూర్‌నగర్‌లో ఉన్న సుజాతకు ఫోను చేశాను. ఆ ఫోను పది దాటి పన్నెండు నిమిషాలకు వచ్చిందని దాని ఫోనులో ఉంది. బిడ్డ వస్తే ఇద్దరం కలిసి సారు కాళ్ల మీద పడదామనుకున్నాను.

సుజాత కంటే ముందు సారు వచ్చాడు. పదకొండు దాటింది.

తలుపుకు అడ్డం నిలబడ్డాను. "ఇప్పుడే పండుకున్నడు సారూ, జరంత ఆగి రాండ్రి."

"నా ఇంట్లకు నేను రానీకె నీ పర్మిషనా?" అని నన్ను తప్పించుకుని లోపలి గదిలోకి పోయాడు. ఆ గది తలుపుకు పాత చీర తెరగా కట్టి ఉంది, ఆయన వెనక అది మళ్లీ అడ్డం పడింది.

పొయ్యి పక్కన గోడ పట్టుకుని నిలబడ్డాను. ఇక అరుస్తాడు అనుకున్నాను. అరవలేదు. ముక్కాలి పీట జరిపిన సప్పుడైంది. ఏనాడూ మా ఇంట్లో కూర్చోని మనిషి కూర్చున్నాడు. కాసేపటికి, "ఆఁ" అన్నాడు. ఆగాడు. "లేదు లేదు, నువ్వు చెప్పు" అన్నాడు. మళ్లీ చాలాసేపు సప్పుడు లేదు. చివరికి, "సరే కిష్టయ్యా. సరే" అన్నాడు. సారు గొంతు తప్ప నాకు ఇంకే గొంతూ వినబడలేదు.

తెర తప్పించుకుని బయటికి వచ్చాడు. కళ్లు తడిగా ఉన్నాయి, కానీ నా మీద కోపంగా ఉన్నాడు.

"ఏందమ్మా గిది? మాట పడిపోయింది, మాట పడిపోయిందని ఇన్ని దినాల సంది చెప్తివి. మంచిగ మాట్లాడవట్టె గద!"

"ఎవరు సారూ?"

"ఇంకెవరు, నీ పెనిమిటే. మొఖం గోడ దిక్కే పెట్టుకుండు గని మాట సాఫ్‌గ ఉన్నది. రోడ్డు మీద పెట్టకు సారూ, ఇంట్ల నుంచే లేవనియ్యి అన్నడు. నేను సప్పుడు చెయ్యలె. మా ఆమె చేతుల చెయ్యేసి మాటిచ్చింది, దాని మాట పోతది సారూ అన్నడు. ఇగ నేనేం జెయ్యాలె? సరే అన్న." గడప దాటుతూ వెనక్కి తిరిగాడు. "మాటొచ్చిందంటే మనిషి తేరుకుంటడు తియ్. జర జావ తాపు."

చనిపోయాడని తెలిసిపోయి నాతో ఆటలాడుతున్నాడా అనుకున్నాను. కానీ మేడ మీద నుంచి ఆయన గొంతు వినబడింది, ఇంటామెకు చెబుతున్నాడు: "కిష్టయ్యకు మాటొచ్చిందే!" ఆ గొంతులో సంబరం ఉంది. ఆటలాడే మనిషి గొంతు అట్లా ఉండదు.

లోపలికి పోయాను. పీట మంచం పక్కన ఉంది. మొహం నేను తిప్పినట్టే గోడ వైపు ఉంది. నడినెత్తిన ముడి మీద చెయ్యి పెట్టాను. నేను వేసిన ముడే, అంతే బిగువు. గదవ కదపబోతే కదలలేదు, అప్పటికే బిగుసుకుంది. చెయ్యి రాయిలాగా చల్లగా ఉంది. ఆ నోరు ఎట్లా మాట్లాడుతుంది?

మంచం పక్కన నేల మీద కూలబడ్డాను. సుజాత వచ్చేదాకా అక్కడి నుంచి లేవలేదు. అది వచ్చి నాయినను చూసి ఒక్క కేక పెట్టింది. సారూ ఇంటామే ఉరికి వచ్చారు.

"అయ్యో, ఇప్పుడే గద మాట్లాడె! ఎప్పుడాయె?" అన్నాడు సారు.

అబద్ధం చెప్పొచ్చు. ఇప్పుడే అంటే సరిపోయేది. నా నోటికి రాలేదు. "పొద్దుగాల పదిటికి సారూ. మీరు రాకముందే."

ఆయన నన్ను చూశాడు. దుప్పటి ఎత్తి కట్టిన వేళ్లు చూశాడు. తువాల ముడి చూశాడు. ఒక్క వేలితో పాదం ముట్టి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "పదిటికా?" అన్నాడు. మళ్లీ, "పదిటికా?" అన్నాడు. పీట అక్కడే ఉంది, కానీ దాని మీద కూర్చోలేదు, గోడకు ఆనుకుని నేల మీదికి జారిపోయాడు.

ఇంటామె భయపడిపోయింది. "కోడలు నిండు మనిషి, బయటికి తియ్యమను" అని ఆయన భుజం కుదిపింది.

"ఈడనే ఉండనీ" అన్నాడు సారు. "మాటిచ్చిన."

నా పెనిమిటికి ఆ వాకిట్లోనే స్నానం పోశాం. నీళ్లు ఇంటివాళ్ల పొయ్యి మీద కాగాయి. శవం ఆ గడప నుంచే లేచింది. ఘడియ బాగాలేదు, మూడు నెలలు పాడుపెట్టాలని గుడి అయ్యగారు పంచాంగం చూసి చెప్పినా సారు తాళం వెయ్యలేదు. ఆ ఇంట్లో ఇంకో రెండేళ్లు ఉన్నాను. ఒక్కసారి కూడా గడప తొక్కలేదు ఆయన. పనుంటే గేటు దగ్గర నిలబడి పిలిచేవాడు. కోడలికి మగపిల్లవాడు పుట్టాడు, బాగానే ఉన్నాడు.

సారు అబద్ధం చెప్పాడనుకుందామంటే, ఆ అబద్ధంతో నష్టం ఆయనకే. భ్రమ పడ్డాడనుకుందామంటే, చేతిలో చెయ్యి వేసిన సంగతి ఆయనకెట్లా తెలుసు? ఊపిరి ఆగినాక మనిషి మాట్లాడగలడా అని ఊరి దవాఖాన డాక్టరమ్మను అడిగాను, ఆమె తల అడ్డంగా ఊపింది.

ఇల్లు ఖాళీ చేసిన రోజు సారును ఒక్కటే అడిగాను, ఆ గొంతు ఎట్లా ఉండె అని. "బస్తాలు దించొచ్చి కూసున్న మనిషి గొంతు లెక్క ఉండె" అన్నాడు.

అవును, నా పెనిమిటి గొంతు అట్లాగే ఉండేది. ఒంటికి బాగున్న రోజుల్లో నేను వినీ వినీ విసుక్కున్న గొంతు అది. మధ్యలో ఉన్నది ఒక పాత చీర. దాని ఇవతలే ఉన్నాను నేను. నాకెందుకు వినబడలేదో ఇప్పటికీ తెలియదు.