దూరపు బలాలను వదలని మేడం

మంగళవారం పొద్దున కాలేజీ గ్రూపులో మరాఠీలో మెసేజ్ వచ్చింది. మా ఫిజిక్స్ మేడం ఇక లేరు. "శాంతంగా వెళ్లిపోయారు" అని రాశారు. నేను నమ్మలేదు. ఆమె దేన్నీ శాంతంగా ఒప్పుకున్న మనిషి కాదు.

చంద్రపూర్‌లో మాది చిన్న కాలేజీ. నేను తెలంగాణ సరిహద్దున, కోర్పనా దగ్గరి తెలుగు పత్తి రైతుల బిడ్డను. క్లాసులో మరాఠీ, ల్యాబ్‌లో మేమిద్దరమే ఉంటే తెలుగు. జీవకణం చుట్టూ ఉండే పొర గురించి ఆమె నాకు మొదట చెప్పింది తెలుగులోనే.

"గా పొర శానా పల్చగుంటది. అయినా వంచబోతే ఎదురు తిరుగుతది. గా ఎదురెంతో కొలుద్దాం."

గుడ్డు పచ్చసొన కొవ్వుతో నీళ్లలో అలాంటి పొరే ఉన్న, కంటికి ఆనని తిత్తులు చేసేవాళ్లం. మైక్రోస్కోపు కింద అవి వణికేవి. వణుకు తగ్గితే పొర గట్టిపడ్డట్టు. విద్యుదావేశమున్న అణువులు కలిపితే వణుకు తగ్గేది. లోపలా బయటా ఉప్పు చేరిస్తే మళ్లీ పెరిగేది. పక్కనున్నవే కాదు, ఎడంగా ఉన్న అణువులు కూడా ఒకదాన్నొకటి నెట్టుకుని పొరను బిగిస్తాయనీ, ఉప్పు ఆ నెట్టుడును మధ్యలోనే అణిచేస్తుందనీ ఆమె వాదన.

తనిఖీకొచ్చిన ఒక ప్రొఫెసర్ నవ్వాడు. "దూరపువి లెక్కలోకి రావు మేడం. చిన్న కాలేజీకి ఇంత పెద్ద ప్రశ్న ఎందుకు?"

"రావని లెక్కగట్టి చూపెట్టండి సార్. ఇప్పుడే మానేస్తా."

ఆయన చాయ్ తాగి వెళ్లిపోయాడు.

నాలుగు ఎండాకాలాలు కొలిచాం. కూలర్ ఆగితే వేడికి కొలతలన్నీ పాడయ్యేవి. ఒకసారి విసిగిపోయి, పాత అంకెలే రాసేద్దామన్నాను.

"అలిసినవా? కూసో. అలిసినమని అబద్ధం రాయొద్దు."

చివరికి ఒక సైన్సు పత్రికకు పేపరు పంపితే, దూరపు బలాల భాగం తీసేస్తే అచ్చేస్తామని జవాబొచ్చింది. అప్పటికి ఆమె ఆసుపత్రిలో ఉంది. ఆమె పేరు అచ్చులో ఆమెకే చూపించాలని నా ఆరాటం.

"తీసేద్దాం మేడం. ముందు అచ్చుగానియ్యండి."

"నువ్వు గూడ గట్లనే అంటవా బిడ్డా? గా భాగం తీస్తే గిందుల మన పనేముంటది?"

సిగ్గుతో తల దించుకున్నాను. అదే మా చివరి మాట.

ఇప్పుడు అదే కాలేజీలో నేను పాఠాలు చెబుతున్నాను. ఆమె పోయిన నాలుగో రోజు, ఒక్క వాక్యం కూడా తీయకుండా పేపరు తిరిగి పంపాను. అచ్చేస్తారో లేదో తెలియదు. ఆ మధ్యాహ్నమే ల్యాబ్‌ను సామాన్ల గది చేస్తామని కబురొచ్చింది.

విరిగిన బెంచీలు మోసుకొచ్చినవాళ్లు వరండాలో నిలబడ్డారు. నేను గుమ్మానికి అడ్డంగా స్టూలు వేసుకుని, ఒళ్లో గిన్నె పెట్టుకుని, తెల్లసొన నుంచి పచ్చసొన వేరు చేస్తూ కూర్చున్నాను.